అమ్ములపొదిలోని జ్యామితి: ఆల్జీబ్రాల ప్రాతినిధ్యాలు – సామాన్య రూపాలు

గుమ్మలక్ష్మీపురం మన్యంలో అమ్ములపొది అంటే ఏమిటో ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. సవరల విల్లమ్ములు ఈ కొండలకు తరతరాలుగా పరిచితమైనవి. బాణాలన్నింటినీ ఒకచోట అమర్చి ఉంచే ఆ పొది పేరునే 1972లో పీటర్ గాబ్రియేల్ అనే ఐరోపా గణితశాస్త్రజ్ఞుడు బీజగణితంలోని ఒక వస్తువుకు పెట్టారు. కొన్ని బిందువులు, ఒక బిందువు నుండి మరొక బిందువుకు పోయే కొన్ని బాణాలు – గణితంలో అమ్ములపొది అంటే ఇంతే. చూచుటకు పసిపిల్లవాడు నేలమీద గీసిన బొమ్మవలె ఉండే ఈ వస్తువు, గడచిన యాభై సంవత్సరాలలో బీజగణితానికీ జ్యామితికీ మధ్య ఒక వంతెనగా నిలిచింది.

ఆ వంతెన మీదుగా విద్యార్థులను కొంతదూరం తీసుకొని పోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. దీనిని అనుసరించడానికి ఇంటర్మీడియట్‌లో నేర్చిన మాత్రికలు, డిగ్రీ తరగతిలోని సదిశాంతరాళాల ప్రాథమిక జ్ఞానం ఉంటే చాలును. చెప్పదలచుకొన్నది ఒక్కటే. ఒక జాతి వస్తువులన్నింటినీ ఒక్కొక్కటిగా గుర్తించడం అసాధ్యమైనప్పుడు, వాటిలో "సామాన్యమైనది" ఎట్లుంటుందో చెప్పడం సాధ్యం కావచ్చును. అయితే ఆ సామాన్యరూపం ఎల్లప్పుడూ ఒక్కటే అనుకోవడం పొరపాటు.

జబ్ర్ అనే మాట

ఉర్దూలో బీజగణితానికి "జబ్రో ముఖాబలా" అనే పాత పేరు ఉన్నది. ఖలీఫా అల్-మామూన్ (813–833) కాలంలో బాగ్దాదులో ఉండిన అల్-ఖ్వారిజ్మీ గ్రంథం నుండి వచ్చిన పేరిది. "జబ్ర్" అనగా విరిగినదానిని అతికించి సరిచేయడం. సమీకరణంలో ఒకవైపు తీసివేతగా ఉన్న పదాన్ని రెండవ వైపుకు చేర్చి లోటు పూడ్చడాన్ని ఆయన ఆ మాటతో సూచించారు. "ముఖాబలా" అనగా రెండు వైపులా ఎదురెదురుగా ఉన్న సజాతి పదాలను సరిపుచ్చడం. ఋణసంఖ్యలను అంగీకరించని ఆ కాలంలో, వర్గ సమీకరణం వరకు గల సమస్యలన్నింటినీ ఆయన ఆరు ప్రామాణిక రూపాలలోనికి తెచ్చి చూపినారు. ఆయన పనిలో సాధన ఎంత ముఖ్యమో వర్గీకరణ కూడ అంతే ముఖ్యం. "ఇట్టివి ఎన్ని రకాలు?" అన్న ప్రశ్న ఆనాటి నుండి బీజగణితాన్ని విడిచిపెట్టలేదు. తరువాతి కాలంలో ఉమర్ ఖయ్యాం (1048–1131) ఘన సమీకరణాలను రకాలుగా విభజించి, శంకుచ్ఛేదాలు ఒకదానినొకటి ఖండించుకొనే బిందువుల ద్వారా వాటిని సాధించారు. బీజగణిత ప్రశ్నకు జ్యామితితో సమాధానం చెప్పడం ఆ విధంగా పాత సంప్రదాయమే.

"సామాన్యం" అనే భావన కూడ మనకు తెలిసిన వర్గ సమీకరణంలోనే దాగి ఉన్నది. య² + పయ + ఫ = 0 అనే సమీకరణాన్ని తీసికొనండి. ప, ఫ అనే రెండు సంఖ్యలు తెలిస్తే సమీకరణం తెలిసినట్లే. కనుక ప్రతి సమీకరణాన్ని ఒక తలంలోని (ప, ఫ) అనే బిందువుగా భావించవచ్చును. రెండు మూలాలు సమానమయ్యేది ప² = 4ఫ అయినప్పుడు మాత్రమే; ఆ తలంలో ఇది ఒక పరావలయం. సంకీర్ణ సంఖ్యలను అనుమతిస్తే, పరావలయం మీద లేని ప్రతి బిందువు వద్దా సమీకరణానికి రెండు భిన్న మూలాలుంటాయి. కన్నులు మూసికొని తలంలో ఎక్కడైనా ఒక బిందువును గుర్తిస్తే, అది సన్నని ఆ గీత మీద పడడం అరుదు. రెండు భిన్న మూలాలు ఉండడం సామాన్యం. సమాన మూలాలు ఉండడం విశేషం. గణితంలో "సామాన్యం" అనగా ఇదే: కొన్ని సమీకరణాలతో నిర్ణయమయ్యే పలుచని భాగాన్ని తొలగిస్తే మిగిలిన విశాల ప్రదేశమంతటా నిజమయ్యే ధర్మం.

ప్రాతినిధ్యం అనగా నేమి?

ఆల్జీబ్రా అనే పదం ఒక శాస్త్రశాఖకే గాక ఒక వస్తువుకు కూడ పేరు. సదిశాంతరాళంలోని మూలకాలను కూడడం, సంఖ్యతో హెచ్చించడం మనకు తెలుసు. ఆ మూలకాలనే పరస్పరం గుణించడానికి కూడ వీలుండి, ఆ గుణకారం సాహచర్య న్యాయాన్నీ విభాగ న్యాయాన్నీ పాటిస్తే, ఆ అంతరాళాన్ని ఆల్జీబ్రా అంటారు. 2×2 మాత్రికలన్నీ కలసి నాలుగు పరిమాణాల ఆల్జీబ్రా అవుతాయి. పరిమాణం పరిమితంగా ఉన్నవే పరిమిత పరిమాణ ఆల్జీబ్రాలు.

శాసనసభలో ప్రతినిధి తన నియోజకవర్గం మాటను వినిపించినట్లే, ఆల్జీబ్రాలోని ప్రతి మూలకానికీ ఒక మాత్రిక ప్రతినిధిగా నిలవవచ్చును. షరతు ఒక్కటే: మూలకాల మొత్తానికి మాత్రికల మొత్తం, లబ్ధానికి లబ్ధం ప్రతినిధి కావలెను. దీనినే ప్రాతినిధ్యం అంటాము. ఆధారాన్ని మార్చినప్పుడు మాత్రికల ఆకారం మారుతుంది గాని ప్రాతినిధ్యం మారదు. ఒకే ఊరిని తూర్పు నుండి చూచినా, పడమర నుండి చూచినా ఊరు ఒక్కటే గదా! ఆధారం మార్పు చేత ఒక ప్రాతినిధ్యం నుండి వచ్చే రూపాలన్నింటి సముదాయాన్ని దాని "కక్ష్య" అంటారు. అప్పుడు వర్గీకరణ సమస్య "కక్ష్యలు ఎన్ని, అవి ఎట్లా అమరి ఉన్నవి?" అనే జ్యామితి సమస్యగా మారుతుంది.

చాల చిన్న ఉదాహరణ ఒకటి చూద్దాం. 1, ఎ అనే రెండు మూలకాలు ఆధారంగా గలిగి, ఎ² = 0 అనే నియమం ఒక్కటే ఉన్న ఆల్జీబ్రాను తీసికొందాం. దాని పరిమాణం 2. దీని ప్రాతినిధ్యం కావలెనంటే, వర్గం సున్న అయ్యే ఒక మాత్రిక దొరికితే చాలును. 2×2 మాత్రికలలో మొదటి వరుస క, ఖ; రెండవ వరుస గ, ఘ అనుకొందాం. ఆ మాత్రిక వర్గం సున్న కావాలంటే వికర్ణ మూలకాల మొత్తమూ సున్న కావలెను, నిర్ధారకమూ సున్న కావలెను. అనగా ఘ = –క; క² + ఖ × గ = 0. క, ఖ, గ లను మూడు అక్షాలుగా తీసికొని ఈ సమీకరణాన్ని గీస్తే వచ్చేది రెండువైపులా విచ్చుకొన్న శంకువు! ఆ శంకువు మీది ప్రతి బిందువూ ఒక ప్రాతినిధ్యమే.

దీనిలో కక్ష్యలు రెండే. శంకువు కొన మీద ఉన్న సున్న మాత్రిక ఒక్కటే ఒక కక్ష్య. మిగిలిన బిందువులన్నీ కలసి రెండవ కక్ష్య; ఆధారాన్ని మార్చి వాటిలో దేనినైనా మరొకదానిగా చేయవచ్చును. శంకువు మీద సామాన్య బిందువు రెండవ కక్ష్యలోనిదే. ఇప్పుడు క = 0, గ = 0, ఖ = ట అయిన మాత్రికను చూడండి. ట ఎంత చిన్నదైనా, అది సున్న కానంతవరకు ప్రాతినిధ్యం అదే. ట సున్నను చేరుకొన్న క్షణంలో మాత్రం అది కొనకు జారి సున్న ప్రాతినిధ్యమైపోతుంది. ఇట్లా సామాన్యరూపం అవధిలో విశేషరూపంగా దిగిపోవడాన్ని "క్షీణించడం" అని చెప్పవచ్చును. శంకువు ఉపరితలం అంతటా నునుపుగా ఉండి కొన వద్ద మాత్రమే సూదిగా ఉన్నదని గమనించండి. ఒక ప్రదేశం స్వభావమంతా దాని విశేష బిందువు వద్దనే బయటపడుతుంది. సామాన్యమైనది తెలిసింది కదా అని విశేషమైనదానిని విడిచిపెట్టడానికి వీలులేదు.

ఉపనదులు, రేఖలు

ఇప్పుడు అమ్ములపొదికి వద్దాము. ప్రతి బిందువు వద్ద ఒక సదిశాంతరాళాన్ని, ప్రతి బాణానికి ఒక మాత్రికను ఉంచితే అమ్ములపొదికి ఒక ప్రాతినిధ్యం లభిస్తుంది. ఒకే బాణం ఉన్న పొదికి ప్రాతినిధ్యమంటే ఒకే మాత్రిక. దాని కోటి, అనగా అందులోని స్వతంత్రమైన వరుసల సంఖ్య, ఒక్కటే దాని రకాన్ని నిర్ణయిస్తుంది. 3×3 మాత్రికలు మొత్తం 9 పరిమాణాల ప్రదేశం. వాటిలో కోటి 3 గలవి ఆ 9 పరిమాణాలనూ ఆక్రమిస్తాయి. కోటి 2 గలవాటికి 8, కోటి 1 గలవాటికి 5 పరిమాణాలు మాత్రమే. పూర్ణమైన కోటి కలిగి ఉండటమే సామాన్యం.

బాణాలు పెరిగితే ఏమవుతుంది? మన ప్రాంతపు నాగావళినే ఊహించండి. ఝంఝావతి, వట్టిగెడ్డ, సువర్ణముఖి వంటి ఉపనదులు దానిలో చేరుతున్నవి. నదిని ఒక బిందువుగా, ఒక్కొక్క ఉపనదిని ఒక్కొక్క బిందువుగా గుర్తించి, ఉపనది నుండి నదికి ఒక్కొక్క బాణం గీస్తే ఒక అమ్ములపొది అవుతుంది. నది వద్ద రెండు పరిమాణాల తలాన్ని, ప్రతి ఉపనది వద్ద ఒకే పరిమాణపు రేఖను ఉంచుదాము. అప్పుడు సామాన్యమైన ప్రాతినిధ్యమంటే, తలంలో మూలబిందువు గుండా పోయే కొన్ని భిన్న రేఖలే.

మూడు రేఖలున్నప్పుడు చిక్కేమీ లేదు. మొదటి రెండు రేఖలను అక్షాలుగా తీసికొని, కొలమానాలను సవరిస్తే మూడవది 45 డిగ్రీల రేఖగా మారుతుంది. కనుక మూడు భిన్న రేఖల ఏ అమరికయైనా ఆధారం మార్పు దృష్ట్యా ఒక్కటే. సామాన్యరూపం ఏకైకం. రెండు రేఖలు కలిసిపోవడం, మూడూ కలిసిపోవడం వంటివి విశేషరూపాలు. అయితే నాల్గవ రేఖ వచ్చినప్పుడు, దాని వాలును మార్చడానికి మన చేతిలో స్వేచ్ఛ మిగలదు. ఆ వాలు ఒక సంఖ్యగా నిలిచిపోతుంది. ప్రక్షేప జ్యామితిలో దీనినే క్రాస్ నిష్పత్తి అంటారు. ఆ సంఖ్య మారితే ప్రాతినిధ్యం మారుతుంది. కనుక రకాలు అనంతం.

ఈ విషయాన్ని లెక్కతో కూడ చూడవచ్చును. న రేఖలకు ఒక్కొక్కదానికి రెండు నిరూపకాల చొప్పున 2న సంఖ్యలు. వాటిని మార్చడానికి మనకున్న స్వేచ్ఛ: తలంలో 2×2 మాత్రికకు 4, ఒక్కొక్క రేఖకు 1 చొప్పున న. అన్నింటినీ ఒకే సంఖ్యతో హెచ్చిస్తే ఏ మార్పూ రాదు గనుక ఒకటి తీసివేయవలెను. మిగిలినది న + 3. కాబట్టి 2న – (న + 3) = న – 3. మూడు రేఖలకు మిగిలే స్వేచ్ఛ 0, నాలుగింటికి 1, అయిదింటికి 2. పెద్ద సిద్ధాంతం చదువకుండానే, వేళ్లపై లెక్కించి సామాన్య ప్రాతినిధ్యాల కుటుంబం ఎంత విశాలమో చెప్పగలిగినాము గదా!

సాధువులు, వన్యములు

ఈ ఉదాహరణలో కనిపించినదే గాబ్రియేల్ 1972 నాటి సిద్ధాంతంలో సంపూర్ణ రూపం దాల్చింది. ఒక ప్రాతినిధ్యాన్ని రెండు చిన్న ప్రాతినిధ్యాల మొత్తంగా విడదీయలేకపోతే, దానిని విడదీయరాని ప్రాతినిధ్యం అందాము. పూర్ణసంఖ్యలకు ప్రధానసంఖ్యలు ఎట్టివో ప్రాతినిధ్యాలకు ఇవి అట్టివి. ఏ అమ్ములపొదులకు విడదీయరాని ప్రాతినిధ్యాలు పరిమిత సంఖ్యలో ఉంటాయి? బాణాల దిశలను మరచి బొమ్మను మాత్రం చూస్తే, అది తిన్నని గొలుసు కావలెను. లేదా ఒక కొన వద్ద రెండుగా చీలిన గొలుసు కావలెను. లేదా ఇ6, ఇ7, ఇ8 అనే మూడు ప్రత్యేక చిత్రాలలో ఒకటి కావలెను. ఒకే ముక్కగా ఉన్న పొదులలో ఇవి తప్ప మరేవీ లేవు. మూడు ఉపనదుల బొమ్మ ఈ జాబితాలో ఉన్నది. దానికి విడదీయరాని ప్రాతినిధ్యాలు 12. ఇ8 బొమ్మకు 120. నాలుగు ఉపనదుల బొమ్మ జాబితాలో లేదు. ఆ నాలుగింటి సమస్యను గెల్‌ఫాండ్, పొనమర్యోవ్ అనే సోవియట్ శాస్త్రజ్ఞులు 1970లోనే పరిష్కరించి చూపినారు. అనంతమైనప్పటికీ అక్కడ వర్గీకరణ సాధ్యమే.

అయిదు ఉపనదులైతే? ఇక్కడ ఒక అగాధం తెరుచుకొంటుంది. పరిమిత పరిమాణ ఆల్జీబ్రాలలో, పరిమిత వర్గీకరణ లేనివి రెండే తెగలని ద్రోజ్ద్ 1970ల చివరి సంవత్సరాలలో నిరూపించారు. ఒక తెగ "సాధువులు": ప్రతి పరిమాణంలోనూ ఒకే సంఖ్య మీద ఆధారపడే కొన్ని కుటుంబాలతో వర్గీకరణ ముగుస్తుంది. రెండవ తెగ "వన్యములు": వాటిని వర్గీకరించడమంటే, ఒకే ఆధారం మార్పుకు లోబడే రెండేసి మాత్రికల జతలన్నింటినీ వర్గీకరించడమే, దానిని చేయగలిగితే ప్రపంచంలోని ఆల్జీబ్రాల ప్రాతినిధ్యాలన్నీ అందులోనే వచ్చివేస్తాయి. అంతటి పని ఎవరి తరమూ కాదు. అయిదు ఉపనదుల పొది వన్యం. వన్యమనే మాట విని మన్యంలోని మనము భయపడనక్కరలేదు. అడవిలోని ప్రతి చెట్టుకూ పేరు పెట్టలేకపోయినా, ఈ కొండమీద ఏ చెట్లు విరివిగా పెరుగుతాయో చెప్పగలము గదా!

సరిగా అటువంటి జ్ఞానాన్నే విక్టర్ కాట్స్ 1980, 1982 సంవత్సరాలలోని తన పరిశోధనలలో అందించారు. బిందువుల వద్ద ఉంచిన అంతరాళాల పరిమాణాలు మాత్రమే ఇస్తే, సామాన్య ప్రాతినిధ్యం ఏయే పరిమాణాలు గల విడదీయరాని ముక్కలుగా విడిపోతుందో ముందుగానే నిర్ణీతమై ఉంటుంది. ఒకే బాణం గల పొదిలో 2 పరిమాణాల నుండి 3 పరిమాణాలకు పోయే మాత్రికను చూడండి. సామాన్యంగా దాని కోటి 2. కనుక అది "1 నుండి 1"కి పోయే రెండు ముక్కలుగా, ఏ బాణమూ చేరని ఒక ఒంటరి ముక్కగా విడిపోతుంది. ఎంత జటిలమైన పొదికైనా ఇట్టి విభజన ఉన్నది. దానిని కనుగొనే పద్ధతిని ఐడన్ స్కోఫీల్డ్ 1992లో ఇచ్చారు. డెర్క్‌సన్, వేమన్ 2002లో మరింత సులభమైన పద్ధతిని చూపినారు.

సామాన్య విభజనలోని ముక్కల గుర్తు ఏమిటి? రెండు ముక్కలను పక్కపక్కన ఉంచడమే గాక, వాటిని అతికించి కొత్త ప్రాతినిధ్యాన్ని చేసే మార్గాలుంటాయి. ఆ మార్గాలను కొలిచే అంతరాళాన్ని గణితజ్ఞులు "ఎక్స్‌ట్" అంటారు. అతికించడానికి ఇంకా మార్గం మిగిలి ఉంటే, పక్కపక్కన ఉన్న జత అతికిన రూపానికి క్షీణించిన రూపం మాత్రమే; అది సామాన్యం కాదు. అతికించవలసినదంతా అతికిపోయి, వేర్వేరు ముక్కల నడుమ ఇక ఏ మార్గమూ మిగలనిదే సామాన్యరూపం. విరిగినదానిని అతికించడమనే "జబ్ర్" పదం పన్నెండు శతాబ్దాల తరువాత ఇట్లా మళ్లీ సార్థకమైనది.

పెద్దది చిన్నదానిని మ్రింగదు

ఇంతవరకు చూచిన పొదులలో బాణాలకు ఏ నిర్బంధమూ లేదు. అందుచేత మాత్రికల ప్రదేశం ఒకే ముక్క. సామాన్యరూపమూ ఒకే తీరుది. కాని పరిమిత పరిమాణ ఆల్జీబ్రాలలో సాధారణంగా నిర్బంధాలుంటాయి. మూడు బిందువులు, వరుసగా రెండు బాణాలు ఉన్న గొలుసును తీసికొందాం. మొదటి బాణం మాత్రిక ప, రెండవ దానిది బ. మొదట ప, తరువాత బ వరుసగా ప్రయోగిస్తే ఫలితం సున్న కావలెననే నిర్బంధాన్ని పెడదాము. దీనికి సంబంధించిన ఆల్జీబ్రా పరిమాణం 5: మూడు బిందువులు, రెండు బాణాలు, అంతే.

ప్రతి బిందువు వద్దా ఒకే పరిమాణం ఉంచితే ప, బ రెండూ సంఖ్యలే. నిర్బంధం ప × బ = 0. తలంలో దీనిని గీస్తే అడ్డముగా ఒక రేఖ, నిలువుగా ఒక రేఖ. రెండూ మూలబిందువు వద్ద ఖండించుకొంటాయి. ఈ బొమ్మకు సామాన్య బిందువు ఏది? అడ్డరేఖ మీద ప సున్న కాదు, బ సున్న. నిలువురేఖ మీద బ సున్న కాదు, ప సున్న. రెండింటిలో ఏది సామాన్యమని అడగడంలోనే దోషమున్నది. రెండు రేఖలున్నవి గనుక సామాన్యరూపాలు కూడ రెండే. ఇట్టి రేఖల వంటి ముక్కలను ఆ ప్రదేశపు "ఘటకాలు" అంటారు. ప్రతి ఘటకానికీ తన సామాన్యరూపం తనకున్నది.

ఇప్పుడు ప్రతి బిందువు వద్ద రెండేసి పరిమాణాలు ఉంచుదాము. ప కోటి, బ కోటి రెండూ కలసి 2కు మించరాదని నిర్బంధం చెబుతుంది. కోటుల జతలు (0,0), (1,0), (0,1), (2,0), (1,1), (0,2) – మొత్తం ఆరు కక్ష్యలు. ఇక పెంచడానికి వీలులేని జతలు మూడు: (2,0), (1,1), (0,2). కనుక ఘటకాలు మూడు. (2,0) ఘటకంలో బ సున్న, ప ఇష్టం వచ్చిన మాత్రిక, పరిమాణం 4. (0,2) ఘటకానికి కూడ అట్లే 4. నడిమి (1,1) ఘటకంలో కోటి 1 గల ప కొరకు 3, దానికి అనుగుణమైన బ కొరకు 2, వెరసి 5.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలెను. నడిమి ఘటకం మిగిలిన రెండింటికన్న పెద్దది. పరిమాణాన్నే ప్రమాణంగా తీసికొనేవాడు "ఈ ప్రదేశంలో సామాన్యరూపం (1,1)" అని తీర్పు చెప్పి వెళ్లిపోతాడు. అయినప్పటికీ పెద్ద ఘటకం చిన్నవాటిని మ్రింగదు. అవధి తీసికొన్నప్పుడు కోటి తగ్గగలదే గాని పెరగలేదు. (1,1) నుండి ఎంత ప్రయాణించినా (2,0)ను చేరలేము. చిన్న ఘటకాలలోని సామాన్యరూపాలు పెద్దదానికి క్షీణించిన రూపాలు కావు. అవి తమంతట తామే సంపూర్ణములు. పెద్దదానిని మాత్రమే పరిశీలించినవాడికి ప్రదేశంలోని మూడు సత్యాలలో రెండు కనబడనే లేదన్నమాట.

తెలుగునేలతో సంబంధం

ఇట్లా వరుస మాత్రికల లబ్ధాలు సున్న అయ్యే ప్రదేశాన్ని "కాంప్లెక్సుల ప్రదేశం" అంటారు. దీని అధ్యయనంలో మన హైదరాబాదుకు గౌరవస్థానం ఉన్నదని విద్యార్థులు తెలిసికొనవలెను. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో పరిశోధన సాగించి, అనంతరం హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన సి. ముసిలి గారు, సి. ఎస్. శేషాద్రి (1932–2020) గారితో కలసి 1983లో ఈ ప్రదేశం గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించారు. శేషాద్రి గారు కాంచీపురంలో జన్మించి, చెన్నై గణిత సంస్థను స్థాపించిన మహనీయులు.

ఆ వ్యాసంలోని భావాన్ని స్థూలంగా ఇట్లా చెప్పవచ్చును. ఒక బిందువు గుండా ఒక రేఖ, ఆ రేఖను కలుపుకొని ఒక తలం, ఆ తలాన్ని కలుపుకొని ఒక అంతరాళం – ఇట్టి అమరికను "ధ్వజం" అంటారు. ఒక స్థిరమైన ధ్వజంతో పోల్చి, మిగిలిన ధ్వజాలు దానిని ఎంతెంత మేరకు తాకుతున్నవో దానినిబట్టి వర్గీకరించగా లభించేవి షూబర్ట్ ప్రదేశాలు. ముసిలి, శేషాద్రి, వి. లక్ష్మీబాయి గార్లు 1970లలో ఈ షూబర్ట్ ప్రదేశాలపై లోతైన సిద్ధాంతాన్ని నిర్మించారు. కాంప్లెక్సుల ప్రదేశం కొన్ని షూబర్ట్ ప్రదేశాల సమ్మేళనంలో ఒక వివృత భాగమేనని 1983 వ్యాసం చూపింది. తత్ఫలితంగా షూబర్ట్ ప్రదేశాల గురించి తెలిసిన సద్గుణాలన్నీ కాంప్లెక్సుల ప్రదేశపు ఘటకాలకు కూడ సంక్రమించినవి. శంకువు కొన వంటి సూది బిందువులు వీటిలో ఉన్నప్పటికీ, అవి అదుపులేని వికారాలు కావని ఆ విధంగా తేలింది. ముసిలి గారు పరిశోధనతో తృప్తిపడక వలయాలు, పరిమిత సమూహాల ప్రాతినిధ్యాలు, బీజ జ్యామితి మొదలైన విషయాలపై విద్యార్థులకు పనికివచ్చే గ్రంథాలు కూడ రచించారు. ఎం.ఎస్సీ. చదువదలచినవారు వాటిని సంపాదించి చదువవలసినదిగా నా సలహా.

ఆ తరువాత ఈ శాఖ మరింత విస్తరించింది. నిర్బంధాలున్న ఏ ఆల్జీబ్రాకైనా, దాని ప్రాతినిధ్య ప్రదేశంలోని ప్రతి ఘటకమూ కాట్స్ చెప్పిన రీతిలోనే విడదీయరాని ఘటకాల మొత్తంగా విడిపోతుందని క్రాలీ-బోవీ, ష్రోయర్ 2002లో నిరూపించారు. ఏ రెండు ఘటకాల మొత్తం మళ్లీ ఘటకమవుతుందో నిర్ణయించేది కూడ ఆ "ఎక్స్‌ట్" కొలతయే. వరుసగా రెండు బాణాల లబ్ధం ఎల్లప్పుడూ సున్న అయ్యే ఆల్జీబ్రాలన్నింటికీ, అనగా మన ఉదాహరణ వంటివాటన్నింటికీ, ఘటకాల స్వరూపాన్ని బ్లెహర్, చిన్‌బర్గ్, హ్యూస్‌గెన్-జిమ్మర్మన్ 2015లో వివరించారు. ఒక ఆల్జీబ్రాకు ఘటకాలు ఎన్ని, ఒక్కొక్కదాని సామాన్యరూపం ఏది అన్న ప్రశ్న చాల ఆల్జీబ్రాల విషయంలో పరిశోధకుల కొరకు ఇంకను వేచియున్నది.

చివరి మాట

గణిత సిద్ధాంతం సమాజాన్ని గురించి ఏమీ నిరూపించదు. అట్లా నిరూపిస్తుందని చెప్పేవారిని నమ్మరాదు. అయినను ఒక శాస్త్రం మన ఆలోచనకు నేర్పే జాగ్రత్త ఒకటి ఉంటుంది. తరగతి గదిలో నిలుచున్నప్పుడు అధ్యాపకుడు తెలియకుండానే "సగటు విద్యార్థి"ని ఊహించుకొని పాఠం చెబుతాడు. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవాడు, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాడు, ఇంట సవర భాష మాట్లాడి బడిలో మరొక భాష నేర్చినవాడు ఒకే బల్ల మీద కూర్చున్నప్పుడు ఆ సగటు ఎవరిది? ఎక్కువమంది ఏ వైపు ఉంటే ఆ వైపే సామాన్యమని, మిగిలినవారు దానికి క్షీణరూపాలని అనుకోవడం సులభం. నేనూ అట్లా అనుకొని పాఠాలు చెప్పిన సంవత్సరాలున్నవి. ప × బ = 0 అనే చిన్న సమీకరణం నా ఊహలోని దోషాన్ని నాకు చూపింది. ఎన్ని ఘటకాలున్నవో ముందుగా లెక్కించి, ఆ తరువాతనే సామాన్యమేదో అడగవలెను.

విద్యార్థులకు ఒక అభ్యాసంతో ముగిస్తాను. పై గొలుసులో ప్రతి బిందువు వద్ద మూడేసి పరిమాణాలు ఉంచండి. ఘటకాలు నాలుగు రావలెను. వాటి పరిమాణాలు వరుసగా 9, 11, 11, 9 కావలెను. కాగితం మీద చేసి సరిచూచుకొనండి. ఈసారి అన్నింటికన్న పెద్ద ఘటకం కూడ ఒక్కటి కాదు, రెండు!